గట్టున పెట్టని ఒట్టు

మా అపార్టుమెంటు సెల్లారులో, మోటారు సైకిళ్ల పక్కన, ఒకాయన ఇంకా బొగ్గుల పెట్టెతోనే ఇస్త్రీ చేస్తాడు. కరెంటు పెట్టె కొనుక్కోవచ్చు గదా అని అందరూ అంటారు గానీ, దళసరి బట్టకి బొగ్గులే నయమని ఆయన నమ్మకం. పొద్దున్నే లిఫ్టు తలుపు తెరుచుకోగానే తడిబట్ట మీద వేడి ఇనుము ఆనిన వాసన, దాని వెనకే బొగ్గుల వాసన వస్తాయి. చాలా ఏళ్లు నేను మెట్ల మీదుగా దిగి, అటు వైపు పోకుండా గేటు దాటేదాన్ని. ఇప్పుడు మోకాళ్లు ఒప్పుకోవు. లిఫ్టులోనే దిగి ఆ వాసనలో నుంచే నడిచి వెళతాను. అది మా నాన్న నల్లకోటు వాసన.

నాన్న విజయవాడ సెషన్సు కోర్టులో పబ్లిక్ ప్రాసిక్యూటరుగా, అంటే అందరూ అనే పీపీగా, పనిచేశారు. ప్రభుత్వం తరఫున నిలబడి, ఫలానా మనిషిని చంపింది ఫలానా వాడేనని జడ్జిగారి ముందు రుజువు చేయడం ఆయన పని. చిన్న మేజిస్ట్రేటు కోర్టుల్లో మొదలుపెట్టి, పాతికేళ్లకి పైగా అదే పని చేసి, చివరికి జిల్లాలో ఆయనే అందరికంటే పెద్ద ప్రాసిక్యూటరు అయ్యారు. కానీ మాకు తెలిసింది ఆ పెద్దరికం కాదు. తెల్లవారకముందే లేచి, గాజు గ్లాసులో కాఫీ చల్లారిపోతున్నా చూసుకోకుండా, ఎర్రదారం కట్టిన కాగితాల కట్ట విప్పి, ఎర్ర పెన్సిలుతో ఒకచోటా నీలం పెన్సిలుతో ఒకచోటా గీతలు గీస్తూ కూర్చునే మనిషి తెలుసు. సాయంత్రం నాలుగున్నర దాటాక రిక్షా దిగి, చంకల కింద చెమట ఆరి ఉప్పు చారలు కట్టిన కోటును కుర్చీ వీపుకు వేసి, కేసు గెలిచినా ఓడినా ఒక్కలాగే కాళ్లు కడుక్కునే మనిషి తెలుసు. గెలిచిన రోజున కూడా ఆయన ముఖం సంతోషంగా ఉండేది కాదు. ఎవరికో యావజ్జీవం పడిన రోజు అది. మేం అప్పుడే లెక్క చెప్పించుకోవడానికి వెళితే, "రేపు చూద్దాం లేమ్మా" అనేవారు.

డెబ్భైల నాటి గవర్నరుపేటలో మా వీధి నిండా ప్లీడర్లే. ప్రతి అరుగు మీదా పొద్దుటే పల్లెటూళ్ల నుంచి వచ్చిన మనుషులు, వాళ్ల చంకల్లో సంచులు, సంచుల్లో చద్దిమూటలు. ఉయ్యూరు వైపు నుంచి వచ్చిన వాళ్ల దగ్గర కొత్తబెల్లం వాసన వేసేది. చెరకు ఆడే కాలంలో అయితే ఆ వాసన వాళ్ల తలగుడ్డల్లో కూడా ఉండేది. స్టేషను యార్డులో రైలు పెట్టెలు ఒకదానికొకటి తగిలే చప్పుడు, ఏలూరు కాలవ మీదుగా వచ్చే పచ్చి నీటి వాసన, మార్చి దాటితే చాలు కొండరాళ్ల నుంచి దిగి ఇళ్లల్లోకి వచ్చే వేడి. ఒంటిపూట బడులు పెట్టాక మధ్యాహ్నాలన్నీ మావే. నేనూ తమ్ముడూ అచ్చనగాయలు ఆడేవాళ్లం. అది విసుగేస్తే కోర్టు ఆట ఆడేవాళ్లం. చిరిగిన నల్లగొడుగు గుడ్డ నా భుజాల మీద గౌను, తమ్ముడు ఎప్పుడూ ముద్దాయి.

"రోజూ నేనే ఎందుకే చంపడం?" అని వాడు ఏడ్చేవాడు.

మా ఆటల్లో అన్నిటికంటే పెద్దది ఒట్టు. ఎవరికీ చెప్పకూడని సంగతి ఉంటే, ఎదుటి వాళ్ల చెయ్యి తీసుకుని మన తల మీద పెట్టించుకుని "నా మీద ఒట్టు" అనాలి. వాళ్లు మాట తప్పితే మనం చచ్చిపోతాం. ఒట్టు వేయించుకున్న వాళ్లే దాన్ని తీయాలి. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి, తల మీద నుంచి ఆ చెయ్యి తీసి పక్కన పెట్టి, "ఒట్టు తీసి గట్టున పెట్టాను" అనాలి. అంతవరకూ అది తల మీదే ఉన్నట్టు. దాన్ని ఆట అనుకునే వయసు కాదు మాది. నిజంగానే భయపడేవాళ్లం.

నాన్నకి మాత్రం వేరే భయాలు ఉండేవి. సాక్షులు తెచ్చింది ఏదీ మా గడప దాటకూడదు. నూజివీడు నుంచి ఒకాయన మామిడిపళ్ల బుట్ట తెచ్చి, "తోటలోయేనండి, కొన్నయి కాదండి" అని బతిమాలితే, "తోటలోవైనా సరే, తీసుకుపో" అని పంపేశారు. ఆ బుట్టలోంచి ఒక రసం పండు దొర్లి కుర్చీ కిందకి పోయింది. తమ్ముడు దాన్ని చూసీ చూడనట్టు కాళ్లతో కప్పుకుని కూర్చున్నాడు. నాన్న చూశారు. ఆ ఒక్క పండు పట్టుకుని గుమస్తా సుబ్బారావు గారు బస్టాండు దాకా పరిగెత్తవలసి వచ్చింది.

తీసుకోవడమే కాదు, పెట్టడమూ కూడదు. అంతకుముందు ఒక కేసులో సాక్షికి అమ్మ భోజనం పెట్టింది. కోర్టులో ముద్దాయి తరఫు ప్లీడరు గారు, ఆయన నాన్నకి స్నేహితుడే, సాక్షిని అడిగారట.

"పీపీ గారింట్లో ఏం కూరయ్యా?"

"దొండకాయ వేపుడండి."

"బాగుందా?"

"ఉప్పు తక్కువైందండి."

కోర్టంతా నవ్వింది, జడ్జిగారితో సహా. ప్రాసిక్యూటరు ఇంట్లో తిని, ఆయన నేర్పిన మాటలే అప్పజెబుతున్నాడని వాదించారు. కేసు ఎలాగో నిలబడింది గానీ, ఆ రోజు నుంచి మా ఇంట్లో సాక్షి మంచినీళ్లు కూడా ముట్టకూడదని నాన్న రూలు పెట్టారు. అమ్మకి కోపం రూలు గురించి కాదు. "ఉప్పు తక్కువా? ఆ మనిషి రెండోసారి వడ్డించుకున్నాడు!" అని ఏడాది పాటు అంటూనే ఉంది.

మరియమ్మ మా ఇంటికి వచ్చింది ఏప్రిల్ నెలలో. ఉయ్యూరు అవతల పల్లెలో కూలిపని చేసుకునే ముసలావిడ. ఒక్కడే కొడుకు, ఏసోబు. కాలవ తూము దగ్గర చేలకి నీళ్లు ఎవరి వంతు అన్న తగాదాలో అతణ్ని ఇద్దరు అన్నదమ్ములు గొడ్డలితో నరికారు. కొడుక్కి అన్నం క్యారేజీ పట్టుకెళుతున్న మరియమ్మ గట్టు మీద నుంచి చూసింది. చూసింది ఆవిడ ఒక్కతే. ఇంక ఏ సాక్షీ లేడు. మర్నాడే విచారణ కనక, పోలీసులకి ఇచ్చిన వాంగ్మూలం ఒకసారి గుర్తు చేయడానికి నాన్న రమ్మన్నారు. ఆవిడ వచ్చేసరికి నాన్న ఇంకా కోర్టులోనే ఉన్నారు. వెంట వచ్చిన కానిస్టేబులు ఆవిణ్ణి అరుగు మీద కూర్చోబెట్టి, తను హోటలుకి భోజనానికి పోయాడు.

అమ్మ లోపల నిద్రపోతోంది. అరుగు మీదకి ఎండ వచ్చేసింది. ఆవిడ ఎండ జరిగిన కొద్దీ తనూ జరుగుతూ, చివరికి గోడ మూలకి చేరింది. పెదవులు తెల్లగా ఉన్నాయి.

"అన్నం తిన్నావా?" అని అడిగాను.

"నిన్న తిన్నా తల్లీ. ఇయ్యాల బస్సుకి పొద్దయిపోయింది."

నాకు తొమ్మిదేళ్లు. నేను చేసిన పనిలో పెద్ద జాలి ఏమీ లేదు. అమ్మ లేని వంటింట్లో పెద్దదానిలా వడ్డించాలని ఉంది, అంతే. మా వెనక వసారాలో ఒక రేకు పళ్లెం ఉండేది. తెల్ల పింగాణీ పూత, ఆకుపచ్చ అంచు, ఒక పక్క పెచ్చు లేచిపోయి లోపలి నలుపు కనిపిస్తూ. బయటి వాళ్లకి పెట్టే పళ్లెం. అది విడిగా ఎందుకు ఉండేదో అప్పుడు నేను అడగలేదు. చెయ్యి దానంతట అదే ఆ పళ్లెం దగ్గరికే పోయింది. అన్నం, మామిడికాయ పప్పు, గ్లాసుతో మజ్జిగ. ఆవిడ మెతుకు మిగల్చకుండా తింది. పళ్లెం కడిగి ఇవ్వబోతే నేనే లాక్కున్నాను. అప్పుడు నాన్న రూలు గుర్తొచ్చింది. వీధిలో ఎవరూ లేరు. ఆవిడ ఎంగిలి కడుక్కున్న చెయ్యి తీసుకుని నా తల మీద పెట్టించుకున్నాను.

"ఎవరికీ చెప్పకు. మా నాన్నకి అసలు చెప్పకు. నా మీద ఒట్టు."

ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కోబోయింది. నేను వదల్లేదు.

"అట్టాంటి ఒట్లు ఎయ్యగూడదమ్మా, బిడ్డల మీద" అంది. తర్వాత, నా ముఖం చూసి, "సరే తల్లీ, చెప్పను" అంది.

మర్నాడు కోర్టులో మరియమ్మ తను చూసినది చూసినట్టు చెప్పింది. బాగా చెప్పిందని సుబ్బారావు గారు వచ్చి అమ్మతో అన్నారు. క్రాసు ఎగ్జామినేషనులో ముద్దాయిల ప్లీడరు గారు అలవాటుగా అడిగే ప్రశ్నే అడిగారు, పీపీ గారింట్లో భోజనం చేశావా అని. లేదంది. అరుగు మీద కూర్చుని పళ్లెంలో అన్నం తిన్నావా, లేదా? తినలేదంది. ఒక ఆడపిల్ల తెచ్చి పెట్టిందా? లేదంది. మంచినీళ్లు కూడా ముట్టలేదంది. అవునంటే ఏమయ్యేదో తర్వాత నాన్నే ఎవరికో చెబుతుంటే విన్నాను. ఆకలేసిన ముసలిదానికి ఎవరో ఇంత అన్నం పెట్టారు, దాంట్లో నేరమేముందని ఒక్క మాటతో పోయేది. ఆవిడ అంతకు ముందే దేవుడి మీద ప్రమాణం చేసి బోనెక్కింది. ఆ ప్రమాణం ఒక పక్క, నా తల ఒక పక్క. కొడుకుని పోగొట్టుకున్న మనిషి ఏది ఎంచుకుంటుందో ఇప్పుడు నాకు తెలుసు.

నాలుగు రోజుల తర్వాత నాన్న అన్నం ముందు కూర్చుని కలపకుండా ఆగిపోయారు.

"రేపు మన కోటయ్యని ముద్దాయిల తరఫున సాక్ష్యానికి పిలిచారు. మరియమ్మకి మనింట్లో అన్నం పెట్టగా చూశానని చెబుతాడట. నిజమేనా?"

కోటయ్య మా ఎదుటి బాదంచెట్టు కింద ఇస్త్రీ బండి పెట్టుకునేవాడు. నాన్న నల్లకోటు వారానికి రెండుసార్లు ఆయన చేతి కిందే మడత పడేది. ఆ మధ్యాహ్నం బండి కింద నీడలో పడుకుని ఉన్నాడు. వీధిలో ఎవరూ లేరనుకున్నప్పుడు నేను లెక్కలోకి తీసుకోనిది ఆయననే.

"మీ రూలు తెలిసి నేనెందుకు పెడతానండీ?" అంది అమ్మ.

నాన్న నా వైపు చూశారు. "నువ్వేమైనా పెట్టావా అమ్మా?"

మా ఇంట్లో నిజం చెబితే దెబ్బలు ఉండేవి కావు. అయినా చెప్పలేదు. నేను చెబితే ఆవిడ మాట అబద్ధమవుతుందనుకున్నానని నన్ను నేను సమర్థించుకోవచ్చు గానీ, అది తర్వాత అల్లుకున్న మాట. అప్పుడు ఉన్నది భయం ఒక్కటే.

"లేదు నాన్నా."

ఆయన నమ్మారు. అన్నం కలుపుకున్నారు.

మర్నాడు సాయంత్రం నాన్న కంటే ముందే సుబ్బారావు గారు వచ్చారు. వంటింటి గుమ్మం దగ్గర నిలబడి అమ్మకి చెప్పారు. నేను పక్క గదిలో అచ్చనగాయలు చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

"కోటయ్యని అయ్యగారు దులిపేశారండి. ముద్దాయిల వాళ్లు నీకేం ఆశ పెట్టారు అని అడిగారు. ఏం లేదయ్యా, టీకొట్టు కాడ ఊరికే అన్నాను, అవతల ప్లీడరు గారి గుమస్తా విన్నాడు, పిలిస్తే వచ్చాను అన్నాడు. అంత దూరం నుంచి నీకేం కనిపించిందయ్యా, అంతా కట్టుకథ, అన్నారు అయ్యగారు. దానికి వాడు ఏమన్నాడో తెలుసాండీ?"

"ఏమన్నాడు?"

"'పళ్లెం కనిపించిందయ్యా' అన్నాడు. 'తెల్ల పళ్లెం, పచ్చ అంచు, ఒక పక్క పెచ్చు లేచిపోయింది. మొన్న దసరాకి అమ్మగారు నాక్కూడా అందులోనే పెట్టారు గదయ్యా' అన్నాడు."

వంటింట్లో అమ్మ చేతి గరిటె చప్పుడు ఆగింది.

"అయ్యగారి చేతిలో ఇంకా రెండు కాగితాల ప్రశ్నలు ఉన్నాయండి. వాడి వంక అట్టా చూసి, 'ఇంకేం లేవు' అని కూర్చుండిపోయారు. నేను ఇన్నేళ్లలో చూళ్లేదండి, ఆయన మధ్యలో కూర్చోవడం."

నాన్న వచ్చారు. కోటు కుర్చీ వీపుకు వేశారు. కాళ్లు కడుక్కోవడానికి వెనక వసారాలోకి వెళ్లి, గూట్లో ఉన్న ఆ పళ్లెం తీసి, పెచ్చు లేచిన చోట బొటనవేలు పెట్టి చూసి, మళ్లీ గూట్లో పెట్టారు. నేను తలుపు వెనకే ఉన్నాను. ఆయనకి తెలుసు. నన్ను పిలవలేదు.

తెల్లారి కోటయ్య బట్టల కోసం వచ్చి గేటు బయటే నిలబడ్డాడు.

"నిజం చెప్పిన వాడివి, బయట నిలబడతావేం? లోపలికి రా" అని నాన్న కోటు ఆయన చేతికే ఇచ్చారు.

కేసు కొట్టేశారు. అన్నదమ్ములిద్దరూ ఊరికి పోయారు. ఆ తీర్పు నకలు నాన్న పోయాక ఆయన ట్రంకు పెట్టెలో దొరికితే చదివాను. మూడు కారణాలు ఉన్నాయి. ఫిర్యాదు మర్నాటి దాకా ఇవ్వకపోవడం ఒకటి. గాయాల గురించి డాక్టరు చెప్పినదానికీ మరియమ్మ చెప్పినదానికీ తేడా ఉండడం రెండోది. ఇంత చిన్న విషయంలో అబద్ధమాడిన మనిషిని ఒక్కర్తినే నమ్మి ఇద్దరికి శిక్ష వేయలేమన్నది మూడోది. మొదటి రెండే చాలేమో, మూడోది లేకపోయినా అంతేనేమో అని నేను చాలాసార్లు అనుకోబోయాను. ఆ మూడో పేరా పక్కన నాన్న నీలం పెన్సిలు గీత ఒకటి ఉంది. ఎర్రది ఓడిపోయే చోట, నీలం తన తప్పు ఉన్న చోట గీసేవారు.

తీర్పు వచ్చిన వారానికి మరియమ్మ వచ్చింది. ఈసారి వెంట ఎవరూ లేరు. ఆదివారం పొద్దున్న, నేను అరుగు మీద ఒక్కదాన్నే ఉన్నాను. ఆవిడ మెట్టు దిగువనే ఆగి, చుట్టూ చూసి, గొంతు తగ్గించింది.

"నేను చెప్పలా తల్లీ. ఆ ప్లీడరు ఎన్ని తీర్ల అడిగినా చెప్పలా."

నన్ను ఓదారుస్తున్నట్టే ఉంది ఆ మాట.

"ఇయ్యాల గుణదల పోతన్నా. మాత కాడ మొక్కుకుని, ఫాదిరిగారికి పాపం ఒప్పుకోవాల. దేవుడి మీద ప్రమాణం జేసి అబద్ధమాడినా గదా. నోరిప్పి చెప్పాలంటే నువ్వు ఒట్టు తియ్యాల. నీకేం గాకుండా, తీసి గట్టున పెట్టెయ్ తల్లీ." నా తల మీద పెట్టుకోమన్నట్టు చెయ్యి చాచింది.

లోపల నాన్న చెప్పుల చప్పుడైంది. నేను ఇంట్లోకి పరిగెత్తాను.

కిటికీ కింద కూర్చుని విన్నాను. నాన్న గొంతు నెమ్మదిగా ఉంది.

"మరియమ్మా, కేసు అయిపోయింది. ఇంక నువ్వు చెప్పినా ఎవరికీ నష్టం లేదు. ఆ రోజు మా పిల్ల నీకు అన్నం పెట్టింది కదూ?"

"లేదు బాబూ. మంచినీళ్లు గూడా ముట్టలా."

"సరే" అన్నారు నాన్న. మళ్లీ ఆయనే, "ఇవాళైనా తినిపో" అన్నారు.

"వద్దు బాబూ. గుడికి పోతన్నా. పొద్దుటే ఏం ముట్టగూడదు."

వెళ్లిపోయింది. గుణదలలో ఆవిడ ఏం చెప్పుకుందో, చెప్పుకోలేక తిరిగి వచ్చిందో నాకు తెలియదు. మళ్లీ రాలేదు.

నాన్న నన్ను అడగలేదు, అప్పుడూ, తర్వాతా. కానీ పనిచేసే పద్ధతి మార్చారు. అరుగు మీద మట్టికుండ, దాని మీద బోర్లించిన గ్లాసు వచ్చాయి. ఏ సాక్షి వచ్చినా అమ్మ అరిటాకులో భోజనం పెట్టేది. కోర్టులో అందరికంటే ముందు నాన్నే సాక్షిని అడిగేవారట, "మా ఇంట్లో ఏం తిన్నావు?" అని. అదొక చాదస్తమని కుర్ర ప్లీడర్లు నవ్వుకునేవారు. రిటైరయ్యేదాకా అడిగారు. ఆయన ఎందుకు అడుగుతారో తెలిసిన వాళ్లం ఆ ఊళ్లో ఎందరమో లేం.

ఇప్పుడు ఆ వీధిలో అరుగులు లేవు. మా ఇంటి చోట ఏదో ల్యాబు ఉంది, మనుషులు రక్తం ఇవ్వడానికి వచ్చి కుర్చీల్లో కూర్చుంటారు. బాదంచెట్టు ఎప్పుడు కొట్టేశారో తెలియదు. పళ్లెం అమ్మ ఉండగానే కనిపించకుండా పోయింది. ట్రంకు పెట్టెలోని కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. సాక్షి తెలుగులో చెబితే జడ్జిగారు ఇంగ్లీషులో టైపు చేయించేవారు కనక, మరియమ్మ బోనులో అన్న "ముట్టలా" అన్న మాట ఎక్కడా లేదు. అరుగు మెట్టు దగ్గర నాతో అన్నవి అసలే లేవు.

పోయిన నెల, పొద్దున్నే, లిఫ్టులో నేనొక్కదాన్నే ఉన్నాను. తలుపు తెరుచుకుంది, బొగ్గుల వాసన వచ్చింది. నా చెయ్యి తల మీద పెట్టుకుని, ఒట్టు తీసే ఆ మాట అనబోయాను. అనలేదు. చెయ్యి ఆవిడదై ఉండాలి. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడాలి. అదీ దాని పద్ధతి.